బూతు చాటున బెంగ: 'సూపర్‌బ్యాడ్' చిత్ర విమర్శ

ప్రవేశిక

ఇంతవరకు చదివిన పాఠాల్లో విమర్శకు ఎంచుకున్న సినిమాలు దాదాపు అన్నీ నలుగురిలో పేరు చెప్పుకోదగినవే. ఈ పాఠంలోని సినిమా అలాంటిది కాదు. 2007లో విడుదలైన 'సూపర్‌బ్యాడ్' అనే అమెరికన్ హాస్యచిత్రాన్ని మీరు ఇంట్లో పెద్దల మధ్య కూర్చుని చూడలేరు. సినిమా మొదలవుతూనే ఒక కుర్రవాడు కారు నడుపుతూ, ఏ బూతు వెబ్‌సైటుకు చందా కడితే మంచిదో ఫోన్‌లో స్నేహితుడితో గంభీరంగా చర్చిస్తుంటాడు. ఆ ధోరణి చివరిదాకా పెద్దగా తగ్గదు. అమెరికాలో దీనికి 'ఆర్' రేటింగ్ ఇచ్చారు. అంటే 17 ఏళ్ల లోపువారు తల్లిదండ్రులో సంరక్షకులో వెంట ఉంటేనే థియేటర్‌లోకి వెళ్లాలి. ఎవరి గురించి తీశారో, కాస్త అటూ ఇటూగా ఆ వయసు పిల్లలే ఒంటరిగా వెళ్లి చూడకూడని సినిమా అన్నమాట.

ఇలాంటి సినిమా ఎదురైనప్పుడు విద్యార్థులు రాసే సమాధానాలు సాధారణంగా రెండు రకాలుగా ఉంటాయి. 'పాశ్చాత్య సంస్కృతి పతనానికి ఇది నిదర్శనం' అని రెండు ముక్కల్లో తేల్చేసేవి ఒక రకం. 'యువత మనోభావాలకు అద్దం పట్టింది' అని మెచ్చుకునేవి రెండో రకం. రెండింటిలోనూ సినిమా కనిపించదు. మొదటిది రాసినవారు మాటలు విన్నారు గాని అవి ఎవరు, ఎప్పుడు, ఎందుకు అంటున్నారో వినలేదు. రెండోది రాసినవారు అది కూడా వినలేదు. ఒక రచనలో బూతు ఉన్నంత మాత్రాన అది తక్కువదో, ధైర్యం గలదో అయిపోదు. ఆ బూతు అక్కడ ఏ పని చేస్తోంది అన్నది విమర్శకుడు అడగవలసిన ప్రశ్న. ఈ పాఠమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే నడుస్తుంది.

కథ, దాని పుట్టుక

సినిమా చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెప్పుకుందాం. సెత్, ఇవాన్ చిన్నప్పటినుంచీ ప్రాణస్నేహితులు. మన ఇంటర్మీడియెట్ రెండో సంవత్సరంతో సమానమైన తరగతి చివరి రోజుల్లో ఉన్నారు. ఇవాన్‌కు డార్ట్‌మత్ అనే పేరున్న కాలేజీలో సీటు వచ్చింది, సెత్‌కు రాలేదు. వాళ్లతో తిరిగే మూడోవాడు ఫోగెల్‌కు కూడా అక్కడే వచ్చింది. జూల్స్ అనే అమ్మాయి తల్లిదండ్రులు ఊళ్లో లేని వేళ తన ఇంట్లో పార్టీ పెట్టుకుంటుంది. మద్యం తెచ్చే పని సెత్ గొప్పకు పోయి నెత్తిన వేసుకుంటాడు. సెత్‌కు జూల్స్ మీద, ఇవాన్‌కు బెక్కా మీద మనసు. అమెరికాలో 21 ఏళ్లు నిండనిదే మద్యం కొనకూడదు కనుక ఫోగెల్ దొంగ గుర్తింపు కార్డు చేయించుకుంటాడు. హవాయి రాష్ట్రం పేరుతో ఉన్న ఆ కార్డు మీద వయసు 25, పేరు 'మెక్‌లవిన్'. అంతే, దానికి ముందూ వెనుకా ఇంకో పేరు లేదు. ఆ రాత్రి దుకాణంలో దోపిడీ జరగడం, ఫోగెల్ ఇద్దరు వింత పోలీసుల చేతికి చిక్కడం, మిగిలిన ఇద్దరూ ముక్కూమొహం తెలియని పెద్దవాళ్ల పార్టీలో ఇరుక్కోవడం, చివరికి ఎలాగో జూల్స్ ఇంటికి చేరడం, ఇదీ కథ. అంతా ఒక పగలు, ఒక రాత్రి, మర్నాటి ఉదయం.

కథ రాసినవారు సెత్ రోగన్, ఇవాన్ గోల్డ్‌బెర్గ్. కెనడాలోని వాంకూవర్‌లో పెరిగిన ఈ ఇద్దరు స్నేహితులు 13 ఏళ్ల వయసులో దీన్ని రాయడం మొదలుపెట్టారు. పాత్రలకు తమ పేర్లే పెట్టుకున్నారు. సినిమా తెరకెక్కే నాటికి రోగన్‌కు ఆ కుర్రవాడి వేషం వేసే వయసు దాటిపోయింది. అందుకని సెత్ పాత్రను జోనా హిల్ చేశాడు, రోగన్ పోలీసుల్లో ఒకడయ్యాడు. ఇవాన్‌గా మైకేల్ సెరా, ఫోగెల్‌గా క్రిస్టఫర్ మింట్జ్-ప్లాస్ నటించారు. జూల్స్‌గా ఎమ్మా స్టోన్‌కు ఇదే తొలి సినిమా. దర్శకుడు గ్రెగ్ మొటోలా, నిర్మాతల్లో ముఖ్యుడు జడ్ అపాటోవ్.

ఈ పుట్టుక కథను పరీక్ష కోసం కంఠస్థం చేయవలసిన పని లేదు గాని ఒక్క విషయం పట్టుకోండి. ఇందులో రెండు వయసుల చూపు కలిసి ఉంది. బూతులు 13 ఏళ్ల కుర్రాళ్ల నోట పుట్టినవిలాగే ఉంటాయి, అంత అమాయకంగా, అంత విసుగు పుట్టించేలా. వాటి వెనుక నిలబడి చూస్తున్న కన్ను మాత్రం ఆ వయసు దాటివచ్చినవాళ్లది. ఆ వయసుకు అప్పట్లో తెలియనిది ఈ కన్నుకు తెలుసు.

అశ్లీలం: దోషమా, గుణమా?

కావ్యదోషాల పాఠంలో మీరు అశ్లీలం గురించి చదివే ఉంటారు. మమ్మటుడి 'కావ్యప్రకాశం' సప్తమోల్లాసం ప్రకారం అశ్లీలం మూడు విధాలు. సిగ్గు కలిగించేది వ్రీడాకరం, అసహ్యం పుట్టించేది జుగుప్సాకరం, అశుభాన్ని తలపించేది అమంగళకరం. ఈ మూడో రకాన్ని చాలామంది విద్యార్థులు మరచిపోతారు. అశ్లీలం అనగానే మొదటి రెండే తడతాయి. చావునో ఎడబాటునో తలపించే మాట కూడా సభలో నోట రాకూడనిదేనని ప్రాచీనులు గుర్తించారు. మన ఇళ్లలో ఈనాటికీ 'వెళ్తాను' అనకుండా 'వెళ్లొస్తాను' అంటాం. బియ్యం అయిపోయాయని చెప్పడానికి 'నిండుకున్నాయి' అంటాం.

ఇప్పుడు ఈ కొలతతో సినిమాను చూడండి. సెత్, ఇవాన్‌లకు వ్రీడాకరమైన మాటంటే లెక్క లేదు. జుగుప్సాకరమైనదంటే సరదా. పలకలేనిది మూడో రకం మాట. 'మనం విడిపోతున్నాం' అన్నది వాళ్ల నోట రాదు. అది రాకుండా ఉండటానికే మిగిలిన బూతులన్నీ.

ఈ సూత్రీకరణ నాది. ఒప్పుకోవాలని లేదు, సినిమా చూసి పరీక్షించండి. పరీక్షించడానికి మొదట్లోనే ఒక సన్నివేశం దొరుకుతుంది. సెత్ ఇవాన్‌ను ఎక్కించుకోవడానికి వాళ్లింటికి వస్తాడు. ఇవాన్ తల్లి కారు దగ్గర నిలబడి, వచ్చే ఏడు ఒకరు లేకుండా ఒకరు ఎలా ఉంటారో, బెంగ పెట్టుకోరా అని అడుగుతుంది. తల్లి అడిగే మామూలు ప్రశ్నే. ఇద్దరూ తడబడి, దాన్ని వెక్కిరింతగా మార్చి తప్పించుకుంటారు. ఆమె అటు తిరగగానే సెత్ ఆమె వక్షం గురించి స్నేహితుడి ముందే ఒక దారుణమైన మాట అంటాడు. విడిగా తీసి చూస్తే అది వట్టి నీచపు మాట. వరుసలో చూస్తే మరొకటి తెలుస్తుంది. ఆమె వేసిన ప్రశ్న ఇంకా గాలిలో ఉంది, దాన్ని చెరిపేయడానికి సెత్ చేతికి అందినది అదొక్కటే. ఇక్కడ హాస్యం మాటలో లేదు, ఆ తొందరలో ఉంది.

వక్త మొదలైనవారి ఔచిత్యాన్ని బట్టి దోషం కూడా ఒక్కోచోట గుణమవుతుందని మమ్మటుడే చెప్పాడు. గ్రామ్యోక్తి విదూషకుడి వంటి పాత్ర నోట దోషం కాదన్నది మీకు తెలిసినదే. సెత్ విషయంలో ఈ సూత్రాన్ని కొంచెం ముందుకు తీసుకెళ్లవచ్చు. అతని మాట అతని స్థాయిని చూపడంతో ఆగదు, అతని భయం ఎంతుందో చూపుతుంది. భయం పెరిగినకొద్దీ మాట ముతకబారుతుంది. చిన్నప్పుడు తనకు ఒక జబ్బులాంటి అలవాటు ఉండేదని, పుస్తకాల నిండా పురుషాంగం బొమ్మలే గీసేవాడినని అతను ఒకచోట చెబుతాడు. ఆ బొమ్మలు చివరి పేర్ల దగ్గర కూడా వరుసగా వస్తాయి. చూసి నవ్వుతాం. అయితే వాటిని గీసిన పిల్లవాడు అప్పుడూ ఏదో చెప్పలేకే గీస్తున్నాడేమో అన్న అనుమానం సినిమా మనకు మిగుల్చుతుంది. ఇంతకంటే గట్టిగా చెప్పదు, అది మంచిదే.

ఇక్కడ ఒక పక్క మాట. తెలుగు కుర్రాళ్లు స్నేహితులను 'మామా', 'బావా' అని పిలుచుకోవడం మీరు ఎరిగినదే, చాలామంది పిలిచే ఉంటారు. మన చుట్టరికాల్లో మేలమాడటానికి, మోటు సరసానికి అనుమతి ఉన్న వరుసలు అవే. అన్నదమ్ముల వరుసలో ఆ వీలు లేదు. అందుకే కాబోలు, ప్రాణస్నేహితుణ్ణి తిట్టుకునే స్వేచ్ఛ కోసం మన భాష అతన్ని బావను చేసింది. సెత్, ఇవాన్‌ల భాషలో అలాంటి వరుస లేదు. వాళ్లు దాన్ని బూతుతోనే కట్టుకోవాలి.

మాట ఆగిన చోటు

దాచిపెట్టినది ఎప్పుడో ఒకప్పుడు బయటపడాలి. పెద్దవాళ్ల పార్టీ నుంచి పారిపోయి వచ్చాక ఇద్దరూ రోడ్డు మీద దెబ్బలాడుకుంటారు. నన్ను వదిలి వెళ్తున్నావన్నది సెత్ కోపం, నీ వల్ల నేను ఇన్నేళ్లు వెనకబడ్డానన్నది ఇవాన్ కోపం. దీనికి తోడు, డార్ట్‌మత్‌లో ఇవాన్, తాను ఒకే గదిలో ఉండబోతున్న సంగతి ఫోగెల్ నోరుజారి సెత్‌కు చెప్పేస్తాడు. అది ముందే అనుకున్న విషయం, ఇవాన్ దాచాడు. సెత్‌ను గాయపరిచేది సీటు కాదు, ఈ దాపరికం.

పార్టీ మీదకు పోలీసులు వచ్చినప్పుడు తాగి సోలిపోయిన ఇవాన్‌ను సెత్ రెండు చేతులా ఎత్తుకుని పరుగెడతాడు. తానూ తాగే ఉన్నాడు, బరువు మోయలేకపోతున్నాడు, అయినా దించడు. రాత్రంతా అమ్మాయిల కోసం పడిన పాట్లన్నీ చివరికి స్నేహితుణ్ణి ఎత్తుకోవడానికే దారితీశాయి. హాలీవుడ్ ప్రేమకథల్లో నాయకుడు నాయికను ఎత్తుకునే తీరు అది. దర్శకుడు దాన్ని వెక్కిరించడు.

ఆ తర్వాత ఇవాన్ ఇంట్లో, నేల మీద, పక్కపక్కన పడకసంచుల్లో దూరి పడుకుని ఇద్దరూ మాట్లాడుకుంటారు. గదిని పంచుకోవడానికి ఫోగెల్‌ను ఎంచుకున్నది ఇష్టం కొద్దీ కాదని, కొత్తవాళ్ల మధ్య ఉండటానికి భయపడేనని ఇవాన్ ఒప్పుకుంటాడు. నువ్వంటే నాకు ప్రేమ అని ఒకరికొకరు చెప్పుకుంటారు. ఈ మాట ఇన్నాళ్లూ ఎందుకు చెప్పుకోలేదా అని ఆశ్చర్యపోతారు. ఇక్కడ సంభాషణ భాషను గమనించండి. అంతవరకు ఎడతెరిపి లేకుండా కురిసిన బూతు దాదాపు ఆగిపోయింది. దాచవలసినది బయటికి వచ్చేశాక దానితో పని లేదు. తెల్లవారి మెలకువ రాగానే ఇద్దరికీ ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి సిగ్గు! రాత్రి అన్నది తాగి అన్నదని సర్దుకుంటే తప్ప పగటి వెలుగులో బతకలేరు. బూతుకు సిగ్గుపడని వాళ్లు ప్రేమకు సిగ్గుపడుతున్నారు.

మగవాళ్ల మధ్య ఉండే అనుబంధం నేరుగా వ్యక్తం కాలేక తరచు ఒక స్త్రీ మీదుగా ప్రయాణిస్తుందని ఈవ్ కొసోఫ్‌స్కీ సెడ్జ్‌విక్ 'బిట్వీన్ మెన్' (1985) గ్రంథంలో వాదించింది. స్వలింగ ప్రేమ అన్న ముద్ర పడుతుందనే జంకు ఆ అనుబంధాన్ని ఎంతగా కాపలా కాస్తుందో కూడా చూపింది. ఆమె చర్చించినది ఆంగ్ల సాహిత్యాన్ని. ఆ వాదానికి 'సూపర్‌బ్యాడ్' మంచి ఉదాహరణగా నిలుస్తుంది. కుర్రాళ్లు అమ్మాయిల గురించి మాట్లాడుకునేది ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం కోసమే.

దోషంగా మిగిలినది

ఇంతవరకు చెప్పినది చదివి, ఈ సినిమాలోని బూతంతా గుణమేనన్న అభిప్రాయానికి రాకండి. కొంత దోషంగానే మిగిలిపోయింది. పెద్దవాళ్ల పార్టీలో సెత్‌తో నాట్యం చేసిన స్త్రీ రుతురక్తం అతని ప్యాంటుకు అంటుకునే ఘట్టం ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు గుర్తించి నవ్వుతారు, అతను వాంతి వచ్చినంత పని చేస్తాడు. ఇక్కడ జుగుప్స దేన్నీ దాచడం లేదు, దేన్నీ బయటపెట్టడం లేదు. ఆడదాని ఒంటిని చూసి అసహ్యించుకోవడమే హాస్యం. ఆ స్త్రీ ఎవరో, ఆమెకు ఏమనిపించిందో సినిమాకు అక్కర్లేదు. ఈ సన్నివేశాన్ని తీసేస్తే కథకు నష్టం లేదు. ఔచిత్యం లేదనడానికి అంతకంటే రుజువు ఏం కావాలి?

దీనికంటే లోతైన చిక్కు కథ పునాదిలో ఉంది. అమ్మాయిలు మత్తులో ఉన్నప్పుడు చేసే పొరపాటు మనమే కావచ్చు అన్నది సెత్ ఆశ. స్పృహ తప్పినవారి నుంచి తీసుకున్నది సమ్మతి కాదని ఇవాళ మనకు చట్టమూ చెబుతోంది, ఇంగితమూ చెబుతోంది. 2007లో ఈ మాటకు థియేటర్‌లో నవ్వు వచ్చి ఉంటుంది. కథకులు దీన్ని గమనించలేదా అంటే గమనించారు. బెక్కా తాగి మీదకు వచ్చినప్పుడు ఇవాన్ వెనక్కి తగ్గుతాడు, ఈ స్థితిలో వద్దంటాడు. జూల్స్ అసలు తాగదు. తాగిన సెత్ ముద్దుకు ముందుకు వస్తే, నువ్వు మత్తులో ఉన్నావు, ఇప్పుడు కాదంటుంది. సెత్ పథకం తలకిందులైంది. మత్తులో ఉన్నది అతను, వద్దన్నది ఆమె. అతను ఏడుస్తాడు, అంతలోనే సోలి ఆమె మీద పడి ఆమె కన్ను వాచేలా చేస్తాడు. ఈ తలకిందులు చేయడం బాగుంది. కాని దాని ఫలితం కుర్రాళ్లకు బుద్ధి రావడం వరకే. జూల్స్, బెక్కా తమలో తాము ఏం మాట్లాడుకుంటారో, వాళ్లకు ఎవరిని వదిలి వెళ్లే బెంగ ఉందో మనకు తెలియదు. మంచివాళ్లు, ఓపిక గలవాళ్లు అని తెలుసు. అది పాత్రచిత్రణ కాదు, యోగ్యతాపత్రం.

పోలీసుల ఉపకథ గురించి ఎక్కువ చెప్పను. ఫోగెల్‌ను కారులో తిప్పుతూ, తాగుతూ, తుపాకులు పేలుస్తూ, చివరికి తమ వాహనానికే నిప్పు పెట్టే ఆ ఇద్దరూ ఎదగని సెత్, ఇవాన్‌ల లాంటివాళ్లే. కుర్రాళ్లు ఇలాగే ఉండిపోతే ఏమవుతారో చూపడానికి పనికొచ్చారు. కాని నిడివి ఎక్కువైంది, నవ్వు పలచబడింది.

ఒకటి రెండు పోలికలు

ఒక రాత్రిలో బాల్యం ముగిసే కథలు అమెరికాకు కొత్త కాదు. జార్జ్ లూకాస్ 'అమెరికన్ గ్రఫీటీ' (1973) అలాంటిదే, కాలేజీకి వెళ్లే ముందు రాత్రి కథ. 'అమెరికన్ పై' (1999)లో కుర్రాళ్లు కన్యాత్వం వదిలించుకోవాలని ఒప్పందం చేసుకుంటారు. ఆ చిత్రంలో లక్ష్యం అమ్మాయే. 'సూపర్‌బ్యాడ్'లో లక్ష్యం అమ్మాయి అన్నట్టు మొదలై, కథ నెమ్మదిగా వేరే చోటికి జరిగిపోతుంది.

ఒలీవియా వైల్డ్ దర్శకత్వం వహించిన 'బుక్‌స్మార్ట్' (2019) మీకు ఇంకా బాగా ఉపయోగపడుతుంది. అందులో ఇద్దరు స్నేహితురాళ్లు, చదువు చివరి రోజు, ఒకే రాత్రి, ఒక పార్టీ. వారిలో ఒకరైన మాలీ పాత్రధారిణి బీనీ ఫెల్డ్‌స్టైన్, జోనా హిల్ చెల్లెలు. అక్కడా ఒకరు మరొకరి దగ్గర ఒక సంగతి దాస్తారు. ఏమీ బోట్స్‌వానాకు వెళ్లేది వేసవికి మాత్రమే కాదు, ఏడాది పొడవునా. అక్కడా దెబ్బలాట ఉంది. ఆ దెబ్బలాట ముదిరేసరికి వాళ్ల మాటలు మనకు వినపడకుండా పోతాయి, చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లెత్తి చిత్రీకరిస్తుంటారు. తేడా ఒక్కటుంది. ఈ అమ్మాయిలు ఒకరినొకరు పొగుడుకోవడానికి మొదటినుంచీ మొహమాటపడరు. బూతు వాళ్లకూ వచ్చు గాని దాని చాటున దాక్కోవలసిన అవసరం వాళ్లకు లేదు.

తెలుగులో అదే 2007లో శేఖర్ కమ్ముల 'హ్యాపీ డేస్' వచ్చింది. నాలుగేళ్ల ఇంజనీరింగ్ కాలేజీ స్నేహం దాని వస్తువు. అది స్నేహాన్ని దాచదు, బాహాటంగా చెబుతుంది. రెండింటిలో ఏది గొప్పదన్న చర్చ ఇక్కడ అనవసరం. పరీక్షలో రాయనూ వద్దు.

చివరి దృశ్యం

మర్నాడు ఇద్దరూ షాపింగ్ మాల్‌కు వెళ్తారు. అక్కడ జూల్స్, బెక్కా ఎదురవుతారు. ఇవాన్‌కు కాలేజీ హాస్టల్‌కు కంఫర్టర్ దుప్పటి కొనాలి, బెక్కాకూ అదే పని. జూల్స్‌కు కంటి కింద కమిలిన మచ్చ కప్పుకునే మేకప్ కావాలి, ఆ కమురుకు కారణమైన సెత్ తోడు వెళ్తానంటాడు. రాత్రంతా కోరుకున్నది దొరికింది. ఇద్దరికీ చెరో అమ్మాయి, చెరో దారి. స్నేహితులు ఒకరికొకరు పొడిపొడిగా వీడ్కోలు చెప్పుకుంటారు. సెత్ జూల్స్‌తో ఎస్కలేటర్ ఎక్కుతాడు. మెట్లు కిందికి దిగుతుంటే తల తిప్పి పైన ఉన్న ఇవాన్ వంక చూస్తూనే ఉంటాడు. ఎస్కలేటర్ మీద నిలబడ్డవాడు నడవనక్కర్లేదు, వద్దనుకున్నా అది తీసుకుపోతుంది. ఇంత రచ్చగా మాట్లాడిన సినిమా ఇక్కడ ఏమీ మాట్లాడదు. ఇవాన్ తిరిగి తన దారిన వెళ్తాడు. ఇద్దరూ మళ్లీ సాయంత్రం కలుసుకోవచ్చు, ఫోన్ చేసుకోవచ్చు. కాలేజీలు తెరవడానికి ఇంకా వేసవి ఉంది. అయినా ఆ చూపులో ఉన్నది ఏమిటో, చదువు కోసమో పని కోసమో ఊరు విడిచిన ఏ విద్యార్థికైనా విప్పి చెప్పనక్కర్లేదు.

అభ్యాసం

మీకు బాగా తెలిసిన ఒక తెలుగు హాస్యచిత్రాన్ని గాని, మీ ప్రాంతపు ప్రదర్శన కళారూపాల్లో హాస్యగాడి పాత్రను గాని తీసుకోండి. అందులో ఇంట్లో చెప్పడానికి వెనకాడే ఒక మాటను ఎంచుకోండి. ఆ మాటకు ముందు ఎవరు ఏమన్నారు, తర్వాత ఏమైంది, ఆ మాట తీసేస్తే కథలో ఏం పోతుంది అన్నవి ముప్పై పంక్తులకు మించకుండా రాయండి. వ్రీడ, జుగుప్స, అమంగళం అనే మూడింటిలో అది ఏ కోవకు చెందుతుందో మొదటే తేల్చకండి, ఆఖరున తేల్చండి. కౌన్సెలింగ్ తరగతికి వచ్చేటప్పుడు ఆ కాగితం వెంట తెచ్చుకోండి. చదివి వినిపించడానికి మొహమాటమైతే కౌన్సెలర్‌కు ఇస్తే చాలు.